ఫ్యానుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు, అమెరికా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు మాట్లాడారు. వాళ్ళ తరువాత కారు షెడ్డు వాడిని పిలిచారు. కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "నువ్వు చేసే పని గురించి ఇరవై నిమిషాలు చెప్పు, ఉపన్యాసం వద్దు" అన్నారు. నేను చేసేది పాత కార్లకు వైరింగ్. అందులోనూ ఎక్కువమంది అడిగే పని ఒకటుంది. పాత అంబాసిడరుకో, పాత ఫియట్‌కో కరెంటు మీద తిరిగే కూలింగ్ ఫ్యాను పెట్టడం. దాని గురించే చెబుతాను. మీలో చాలామందికి పాత కారు ఉండకపోవచ్చు. కానీ ఇన్వర్టరో, గీజరో, ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బోర్డో ఉంటుంది కదా, వినండి.

ముందు మీకొకటి చూపిస్తాను. ఇది జానెడు పొడవున్న వైరు ముక్క. వెనక ఉన్నవాళ్ళకు కనబడకపోవచ్చు. ఒక చివర తెల్ల తొడుగు ఉంది, రెండో చివర నల్లగా కాలిపోయి లోపలి రాగి బయటపడింది. దీన్ని నేను 1988 నుంచి దాచుకున్నాను. దీని కథ కాసేపాగి చెబుతాను.

మన పాతబస్తీకీ కార్లకీ సంబంధం ఈనాటిది కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనక పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ గోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని ఆర్డరిచ్చారు, అది వచ్చేలోగా 1911లో ఆయనే పోయారు. సింహాసనం లాంటి సీటుతో, ఊరేగింపుల కోసం చేయించిన బండి అది. బహదూర్‌పురాలో సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం కూడా మనకు పొరుగే. నా షెడ్డుకు వచ్చేవాళ్ళు కొందరు, "ఆ రోల్స్‌రాయిస్‌కు కూడా నువ్వు ఫ్యాను పెడతావా?" అని ఎకసెక్కం చేస్తారు. పెట్టను. అద్దాల వెనక నిలబెట్టే బండిలో ఒక్క బోల్టు కూడా మార్చకూడదు. నేను చెప్పేది ఇంకా రోడ్డు మీద తిరుగుతున్న బండి సంగతి. దానికి కూడా ఎక్కడా కొత్తగా రంధ్రం పొడవకుండా, రేపు ఎవరైనా పాత స్థితికి తెచ్చుకోగలిగేలా పని చేయాలన్నది నా పట్టుదల.

మా నాయనది 1968 మోడల్ అంబాసిడర్, మార్క్-2. సెకండ్ హ్యాండులో కొన్నాడు. పెళ్ళిళ్ళకు, యాదగిరిగుట్ట ప్రయాణాలకు కిరాయికి తిప్పేవాడు. నా టెన్త్ ఫీజు, అక్క పెళ్ళి, ఇంటి మీద రెండో గది, అన్నీ ఆ బండి సంపాదనే. హైవే ఎక్కితే దానికి తిరుగులేదు. చార్మినార్ దగ్గరికి వస్తే మాత్రం ఆవిరి కక్కేది.

ఎందుకలా? ఆ ఇంజనుకు ముందు ఒక ఇనుప రెక్కల ఫ్యాను ఉంటుంది. వాటర్ పంపు పుల్లీకే బిగించి ఉంటుంది, బెల్టు దాన్ని తిప్పుతుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగితే ఫ్యానూ అంత వేగంగా తిరుగుతుంది. బండి గంటకు 50 కిలోమీటర్ల మీద పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది, ఫ్యానుతో పెద్ద పని లేదు. బండి ఆగిపోయి, ఇంజను ఐడిల్‌లో గుడుగుడుమంటున్నప్పుడు గాలి కావాలి. సరిగ్గా అప్పుడే ఫ్యాను సోమరిగా తిరుగుతుంది. అంటే అవసరం లేనప్పుడు గట్టిగా, అవసరమైనప్పుడు మెల్లగా. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని బ్రిటన్‌లో చేసిన కారునే మన దగ్గర అంబాసిడర్ అని చేశారు. ఆ డిజైను గీసినవాళ్ళు మే నెలలో పత్తర్‌గట్టీ ట్రాఫిక్కును ఊహించి ఉండరు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దానిలో రేడియేటరు ఫ్యానుకు బెల్టు లేదు, మోటారుంది. నీళ్ళు వేడెక్కితే దానంతటదే తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది. నాకది అద్భుతంలా కనబడింది. అప్పటికి నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తి చేశాను. ఇళ్ళకు వైరింగ్ చేస్తున్నాను. యాక్సిడెంటైన మారుతి నుంచి ఊడదీసిన ఫ్యాను ఒకటి చవగ్గా దొరికింది. నాయనను అడగలేదు. "నువ్వు సాయంత్రం ఛాయ్‌కి పోయిరా, బండి సంగతి నేను చూస్తా" అన్నాను.

ఆ రోజు నేను చేసిన తప్పులన్నీ చెబుతాను. సిగ్గుపడే వయసు దాటిపోయింది.

ఇళ్ళలో పని చేసేవాడికి భయం వోల్టుల గురించే. 230 వోల్టులు తగిలితే ప్రాణం పోతుంది. కారులో ఉన్నది 12. ముట్టుకున్నా ఏమీ కాదు. కాబట్టి ఇది బొమ్మలాట అనుకున్నాను. కాలింగ్ బెల్లుకూ తక్కువ వోల్టులే, దీనికీ తక్కువ వోల్టులే అని, నా దగ్గర మిగిలిన సన్న స్పీకరు వైరు తీసుకున్నాను.

ఇంట్లో సీలింగ్ ఫ్యాను 75 వాట్లు అనుకోండి. 230 వోల్టుల మీద అది తీసుకునేది ఆంపియరులో మూడో వంతు. అదే శక్తి 12 వోల్టుల మీద కావాలంటే ఆరు ఆంపియర్ల పైమాటే. వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి. మనిషికి షాకిచ్చేది వోల్టు, వైరును కాల్చేది ఆంపియరు. ఆ మారుతి ఫ్యానును చాలా ఏళ్ళ తరువాత మీటరు పెట్టి కొలిస్తే నిలకడగా 8 ఆంపియర్లు తీసుకుంది. తిరగడం మొదలుపెట్టే క్షణంలో దానికి కొన్ని రెట్లు.

ఇక్కడ ముందు వరసలో కూర్చున్న మా ఫిజికల్ సైన్స్ సార్‌కు ఒక మాట చెప్పుకోవాలి. సార్, మీరు మాకు జౌల్ నియమం చెప్పారు. స్టీలు పీచు ఒక పోగు తీసి, టార్చి బ్యాటరీ రెండు చివరలకూ తాకించి, అది ఎర్రబడి తెగిపోవడం చూపించారు. "ఉష్ణం విద్యుత్ ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది" అని నాచేత నాలుగుసార్లు చదివించారు. పరీక్షలో రాశాను, మార్కులు పడ్డాయి. కానీ మీరు చెప్పిన 'నిరోధం', గ్యారేజీలో కాలే వైరు, రెండూ ఒకటేనని నాకు తోచలేదు. పుస్తకంలో ఉన్నది తెలుగు, షెడ్డులో ఉన్నది ఉర్దూ, ఐటీఐలో రాసుకున్నది ఇంగ్లీషు. మూడూ ఒకే సంగతి చెబుతున్నాయని తెలిసేసరికి ఆలస్యమైంది.

రెండో తప్పు, కరెంటు తీసుకున్న చోటు. బానెట్ కిందికి వైరు లాగడానికి ఓపిక లేక, డ్యాష్‌బోర్డు వెనక ఇగ్నిషన్ స్విచ్చు నుంచి వచ్చే తెల్ల వైరును కోశాను. నా వైరు చివర దానికి మెలితిప్పి, నల్ల టేపు చుట్టాను. బ్రిటిష్ పద్ధతిలో తెల్ల వైరంటే ఇగ్నిషన్ స్విచ్చు నుంచి కాయిల్‌కు పోయేది. దానికి ఫ్యూజుండదు. ఫ్యూజు పోయి నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోకూడదని అలా పెట్టారు. నేను నా ఫ్యానుకూ ఫ్యూజు పెట్టలేదు. రిలే అనే మాటే నాకు తెలియదు.

మూడో తప్పు గాలిది. రేడియేటరు వెనక చోటు చాలక ఫ్యానును ముందు బిగించాను. అది వెనక నుంచి గాలిని లాగడానికి చేసిన ఫ్యాను. ముందు పెడితే గాలి ఎదురు తిరిగింది. సరే, రెండు వైర్లూ తారుమారు చేస్తే మోటారు రివర్సులో తిరుగుతుంది కదా అని తారుమారు చేశాను. తిరిగింది. కానీ రెక్కల వంపు ఒకవైపు తిరగడానికే చేసి ఉంటుంది. రెండోవైపు తిరిగితే చప్పుడు నిండుగా, గాలి సగం.

బండి ఆ రోజే ఒక హెచ్చరిక చేసింది. కీ తీసేశాక కూడా ఇంజను ఒక్క క్షణం ఆడి ఆగింది. నేను గమనించాను, నవ్వుకున్నాను కూడా. కరెంటు పోయినా ఊపు మీద తిరుగుతున్న ఫ్యాను మోటారు డైనమోలా పని చేసి, అదే తెల్ల వైరులో నుంచి కాయిల్‌కు కరెంటు పంపుతోంది. ఫ్యానును ఇగ్నిషన్ వైరుకు నేరుగా కలిపిన ప్రతి పాత కారులోనూ ఇది జరగొచ్చు. మీ బండి ఇలా చేస్తే నవ్వుకోకండి, వైరింగ్ తప్పని అర్థం.

రెండు వారాలు బాగానే నడిచింది. 1988లో రంజాన్ నెల ఏప్రిల్ నడుమన మొదలై మే నడుమన ముగిసింది. పండుగ నాలుగు రోజుల్లో ఉందనగా ఒక రాత్రి అక్కకు నొప్పులొచ్చాయి. మా ఇల్లు శాలిబండలో. పేట్ల బుర్జు ఆసుపత్రి ఎంత దూరమని. నాయన స్టీరింగ్ పట్టుకున్నాడు, వెనక సీట్లో అక్క, అమ్మ, ముందు నేను. రంజాన్ చివరి రోజుల్లో రాత్రి పూట చార్మినార్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మొత్తం హైదరాబాదు అక్కడే ఉంటుంది. శాలిబండ నుంచి చార్మినార్ దాకా రావడానికే అరగంట పట్టింది. ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది. నేను లోపల్లోపల గర్వపడుతున్నాను కూడా, ముల్లు ఎర్ర గీత దాటలేదు కదా అని.

ఆ తరం కార్లలో ఉన్నది డైనమో, ఈనాటి ఆల్టర్నేటరు కాదు. డైనమో గట్టిగా తిరిగితే 20, 22 ఆంపియర్లు ఇస్తుంది. ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. అందుకే పాత అంబాసిడర్ సిగ్నల్ దగ్గర ఆగితే ఎర్ర లైటు మిణుకుమిణుకుమనేది. హెడ్‌లైట్లు, వెనక లైట్లు, కాయిల్ కలిపి పన్నెండు ఆంపియర్లు. నా ఫ్యాను ఇంకో ఎనిమిది. మొత్తం ఇరవై ఆంపియర్లూ బ్యాటరీలో నుంచే పోతున్నాయి. బెల్టు ఫ్యానుకు ఉన్న జబ్బే డైనమోకూ ఉంది, అవసరమైనప్పుడే చేతులెత్తేస్తుంది. నేను ఒక జబ్బు తీసి ఇంకోదాని నెత్తిన పెట్టాను.

లైట్లు పచ్చబడ్డాయి. గుల్జార్ హౌజ్ దాటాం. డ్యాష్‌బోర్డు కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన. తరువాత పొగ.

ఏం జరిగిందో తరువాత లెక్క వేసుకున్నాను. మెలితిప్పిన ఆ జాయింటు దగ్గర నిరోధం పావు ఓము ఉందనుకోండి. ఎనిమిదిని ఎనిమిదితో హెచ్చిస్తే 64, అందులో పావు వంతు 16 వాట్లు. రేడియో రిపేరు వాళ్ళు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దానికి కాస్త తక్కువది ఒకటి, వేలి గోరంత చోట, టేపులో చుట్టి, డ్యాష్‌బోర్డు వెనక గంటసేపు వెలిగించి పెట్టినట్టు. టేపు కరిగింది, తొడుగు కరిగింది, బోసిపోయిన తీగ బాడీకి తగిలింది. ఇక అప్పుడు 8 ఆంపియర్లు కావు. బ్యాటరీ దగ్గర ఎంత ఉంటే అంత.

నాయన బండి ఆపి, కీ తిప్పి, ఒక్క మాట మాట్లాడకుండా చెయ్యి డ్యాష్‌బోర్డు కిందికి పెట్టి ఆ వైర్ల కట్టను పీకేశాడు. కరిగిన ప్లాస్టిక్ అరచేతికి అంటుకుపోయింది. నేను మాత్రం డోరు తీసుకుని నిలబడి చూస్తున్నాను. పత్తర్‌గట్టీలో బట్టల దుకాణాల ముందు గుమ్మిగూడిన జనం బండిని పక్కకు నెట్టారు. ఎవరో ఒకాయన బక్కెట్ నీళ్ళు తెచ్చాడు, ఇంకొకాయన ఎదురుగా వస్తున్న ఆటోను ఆపి, అందులో ఉన్న సామాను సంచులు దింపించి, అక్కనూ అమ్మనూ ఎక్కించాడు. ఆ ఆటో ముందు నలుగురు కుర్రాళ్ళు "హటో, హటో" అని అరుస్తూ మదీనా దాకా పరుగెత్తారు. వాళ్ళెవరో నాకు ఈనాటికీ తెలియదు. తెల్లవారుజామున మేనకోడలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఆ పిల్ల ఇప్పుడు ఈ సభలోనే ఉంది.

మరునాడు నాయన కట్టు కట్టిన చేత్తో ఈ ముక్కను నా చేతిలో పెట్టాడు. "దాచుకో" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

బండిని మొఘల్‌పురా గల్లీలో ఉన్న ఒక ఉస్తాద్ షెడ్డుకు తాడు కట్టి తీసుకెళ్ళాం. ఆయనకు చదువు రాదు. నా ఫ్యాను వైపు చూసి నవ్వి, "పంఖా నక్కో మియా, హవా హోనా" అన్నాడు. ఫ్యాను కాదయ్యా, గాలి కావాలి అని. ఇంజను స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చి ఆపేశాడు. రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి జరిపాడు. నన్నూ చెయ్యి పెట్టమన్నాడు. పైన కాలుతోంది, కింద మూడో వంతు మాత్రం చల్లగా ఉంది. అంటే అక్కడ నీళ్ళు పారడం లేదు. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసి, గొట్టాల్లో సున్నం పేరుకుపోయింది. అదీ అసలు రోగం. దానికి నేను ఫ్యాను పెట్టాను.

రేడియేటరు విప్పి, పై తొట్టి ఊడదీసి, గొట్టాల్లో సన్నటి కడ్డీ దించి శుభ్రం చేశారు. మూత స్ప్రింగు కూడా వదులైంది, మార్చారు. ఈ మూతను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. లోపల ఒత్తిడి పెరిగితే నీళ్ళు ఆలస్యంగా మరుగుతాయి. ఏడు పౌండ్ల మూత సరిగ్గా పట్టి ఉంటే 110 డిగ్రీల దాకా మరగవు. మన హైదరాబాదు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది, మూత వదులైతే వంద డిగ్రీలకు ముందే మరుగుతాయి. ఇంకో సంగతి, వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు మన ఊళ్ళో బాగా ఉంది. అది మంచిది కాదు. పాడైతే కొత్తది వేయండి.

ఇవన్నీ అయ్యాక నాయన బండి ఆ ఎండాకాలమంతా ఏ కరెంటు ఫ్యానూ లేకుండానే తిరిగింది. నేను ఆ షెడ్డులోనే పనికి చేరాను. ఇళ్ళ వైరింగ్ మానేశాను.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఫ్యాను పెట్టమని వస్తే ముందు రేడియేటరు మీద చెయ్యి పెట్టిస్తాను. బెల్టు బిగువు, మూత, ఇంజను టైమింగ్ చూస్తాను. సగం మంది అక్కడే ఆగిపోతారు, ఫ్యాను అక్కర్లేకుండానే. నా వ్యాపారానికి నష్టమే అనుకోండి. మిగిలిన సగానికి ఫ్యాను నిజంగా కావాలి. నలభై యాభై ఏళ్ళ కింద ఖాళీగా ఉన్న రోడ్లకు చేసిన బండి ఈనాటి చాదర్‌ఘాట్ వంతెన మీద నిలబడాలంటే బెల్టు ఫ్యాను చాలదు. వాళ్ళకు నేను చేసే పద్ధతి చెబుతాను. చేసుకునేవాళ్ళు రాసుకోండి.

ముందు కరెంటు పుట్టే చోటు. డైనమో ఉన్న బండికి నేను ఫ్యాను పెట్టను. ముందు ఆల్టర్నేటరు వేయిస్తాను. అది ఐడిల్‌లో కూడా కొంత ఇస్తుంది. అప్పుడు పాత రెగ్యులేటరు పెట్టెను సర్క్యూట్‌లో నుంచి తప్పించాలి, దాన్ని మాత్రం అలంకారంగా ఉన్నచోటే ఉంచుతాను. పాత బ్రిటిష్ డిజైన్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలపడం మామూలు. మీ బండి ఏ రకమో చూడకుండా ఆల్టర్నేటరు బిగిస్తే అందులోని డయోడ్లు అక్కడికక్కడే పోతాయి. నా చేతుల మీదుగా ఒకటి పోయింది, ఆ డబ్బు నేనే పెట్టుకున్నాను.

తరువాత రిలే. ఇది వేలెడంత పెట్టె. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆడించే స్విచ్చు. అడుగున కాళ్ళకు అంకెలుంటాయి: 30, 85, 86, 87. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన లావు వైరు 30కి. ఫ్యానుకు పోయే లావు వైరు 87కి. 85, 86 మధ్య ఉన్నది లోపలి కాయిల్. దానికి ఆంపియరులో అయిదో వంతు కూడా అక్కర్లేదు. ఒక కాలికి ఇగ్నిషన్ నుంచి ఫ్యూజు ఉన్న సన్న వైరు, రెండో కాలు థర్మో స్విచ్చు మీదుగా బాడీకి. పాపం ఆ ముసలి ఇగ్నిషన్ స్విచ్చు మీద పడే భారం ఇంతే. ఫ్యాను మోటారు నుంచి కాయిల్‌కు కరెంటు వెనక్కి వచ్చే దారి కూడా ఉండదు. ఇంజను ఆపాక కూడా ఫ్యాను తిరగాలని కొందరు నేరుగా బ్యాటరీకి కలుపుతారు. నాకు ఇష్టం లేదు. బానెట్ ఎత్తి వేళ్ళు పెట్టినవాడికి చెప్పకుండా ఫ్యాను తిరగడం మొదలుపెడుతుంది.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యాను దగ్గర పెడతారు కొందరు. ఫ్యూజు ఉన్నది ఫ్యానును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరు రాపిడికి బాడీకి తగిలితే దాన్ని ఎవరూ కాపాడలేరు. 8 ఆంపియర్ల ఫ్యానుకు నేను 15 ఫ్యూజు వేస్తాను, మొదలయ్యే ఊపును తట్టుకోవడానికి.

వైరు లావు సంగతి. నేను ఆ రోజు వాడిన అర చదరపు మిల్లీమీటరు తీగ నాలుగు మీటర్లకు దాదాపు 0.14 ఓములు. 8 ఆంపియర్లు పారితే ఒక వోల్టు పైన వైరులోనే ఖర్చు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే అది పావు వోల్టు కన్నా తక్కువ. ధరలో తేడా రెండు ఛాయ్‌ల ఖరీదు. ట్రూప్ బజారులో వైరు, గుజరాతీ గల్లీలో రిలే, ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి. చివరలకు లగ్గులు వేసి నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. టేపు వద్దు. మన ఎండకు దాని జిగురు కారిపోతుంది. రేకులో నుంచి వైరు పోయే ప్రతి రంధ్రానికీ రబ్బరు వలయం ఉండాలి.

కరెంటు పోయే వైరు మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా తిరిగొచ్చే దారి మీద ఎవరూ పెట్టరు. ఎర్త్ వైరు కూడా అంతే లావుండాలి. రంగు గీకి, తుప్పు తీసి, మెరిసే రేకుకు బిగించాలి. నా దగ్గరికి "ఫ్యాను పాడైంది" అని వచ్చే బళ్ళలో ఎక్కువ వాటికి ఎర్తే రోగం. థర్మో స్విచ్చును పై రబ్బరు పైపు మధ్యలో అల్యూమినియం ముక్క పెట్టి బిగించేవాళ్ళకు ఇంకో చిక్కు. ఆ ముక్కకు రెండు వైపులా రబ్బరే. బాడీతో సంబంధం లేదు. ఒంటి కాలు స్విచ్చు అయితే అది జన్మలో పని చేయదు. ఆ ముక్కకు విడిగా ఎర్త్ వైరు వేయాలి. దీనికోసం నేను ఒక రోజంతా తల బద్దలు కొట్టుకున్నాను. 92 డిగ్రీల దగ్గర ఫ్యానును వేసి, 87 దగ్గర ఆపే స్విచ్చు మన ఊరికి సరిపోతుంది. డ్యాష్‌బోర్డు కింద చేత్తో వేసుకునే స్విచ్చు ఒకటి, ఫ్యాను తిరుగుతున్నప్పుడు వెలిగే చిన్న లైటు ఒకటి కూడా పెడతాను. తిరుగుతోందో లేదో డ్రైవరుకు తెలియాలి.

అంతా అయ్యాక రెండు పరీక్షలు. ఒక అగరుబత్తి వెలిగించి గ్రిల్లు ముందు పట్టుకోండి. పొగ లోపలికి పోవాలి. బయటికి వస్తే ఫ్యాను తిరగబడింది. రెండోది, ఫ్యాను తిరుగుతుండగా బ్యాటరీ కాళ్ళ మధ్య వోల్టులు కొలవండి, ఫ్యాను కాళ్ళ మధ్య కొలవండి. రెండింటికీ తేడా అర వోల్టు దాటితే ఎక్కడో జాయింటు బాగాలేదు. వెతకండి. వేలితో తాకితే వెచ్చగా తగిలేది అదే.

నాయన 2009లో పోయాడు. అరచేతిలో ఆ మచ్చ చివరిదాకా ఉంది. అంబాసిడర్ నా దగ్గరే ఉంది. 2014లో కంపెనీ ఆ కారు చేయడమే ఆపేసింది కానీ, మాది ఈ రోజు కూడా శాలిబండ నుంచి ఇక్కడిదాకా నన్ను తీసుకొచ్చింది. దారిలో నలభై నిమిషాలు ఆగుతూ సాగుతూ వచ్చింది. ఫ్యాను మూడుసార్లు వేసుకుంది, మూడుసార్లు ఆగింది.

భోజనాలయ్యాక వేపచెట్టు కింద బానెట్ ఎత్తి పెడతాను. చూడాలనుకునేవాళ్ళు రండి. సార్, మీరు తప్పకుండా రావాలి. ఆ జాయింట్లు మీరు వేలితో తాకి చూసి మార్కులు వేయాలి. అగరుబత్తి తెచ్చాను.

మా మేనకోడలు మాత్రం ఇవాళ కూడా ఆటోలోనే వచ్చింది.